అమ్మకు చెప్పే లెక్క

మామిడి సీజన్ రెండు నెలలూ మా ఫ్యాక్టరీలో మనిషి మనిషిలా ఉండడు. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల నుంచి తోతాపురి కాయ ట్రాక్టర్ల మీద వచ్చి గేటు బయట లైను కడుతుంది. వేబ్రిడ్జి స్లిప్పులు చూసుకుని రైతులకు లెక్క కట్టే అకౌంటెంటును నేను. 2022 జూన్‌లో ఒక రాత్రి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మోకాళ్ళ కింద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఎర్ర బాల్‌పెన్నుతో ఎవరో తీరిగ్గా కూచుని పెట్టినట్టున్నాయి. దురద లేదు, మంట లేదు. మామిడి సొన పడిందేమో అనుకున్నాను. మా ఆవిడ చెమటకాయలంది. పౌడరు చల్లుకుని పడుకున్నాను.

మర్నాడు పళ్ళు తోముకుంటే ఉమ్మంతా ఎరుపు. టేబుల్ మూల ఎప్పుడో తగిలినట్టుంది, తొడ మీద అరచేయంత మేర నల్లగా కమిలిపోయింది. మూడో రోజు అన్నం తింటుంటే బుగ్గ లోపల ఏదో బొడిపెలా తగిలింది. అద్దంలో చూస్తే నేరేడు పండు రంగులో నెత్తుటి బుడగ. నాలుకతో తాకానో లేదో పగిలింది. తువ్వాలు నోట్లో కుక్కుకుని అరగంట కూచున్నా ఆగలేదు.

చిత్తూరులోనే ఒక చిన్న నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్ళారు. రక్తం తీశారు. నెత్తురు గడ్డ కట్టించే ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలు. ఒకటిన్నర లక్ష నుంచి నాలుగున్నర లక్షల మధ్య ఉండాల్సినవి. మిషన్ తప్పు చూపించిందేమోనని మళ్ళీ తీశారు. ఏడు వేల చిల్లర. ఇక డెంగీ అని రాసేశారు. "నాకు జ్వరమే లేదు సార్" అంటే, "కొందరికి తెలీకుండానే వచ్చి పోతుందిలే" అన్నారు. డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చింది. అయినా కేస్ షీట్‌లో డెంగీ అనే ఉంది. నడుం కింద కండకు ఒక ఇంజక్షన్ వేశారు. తెల్లారేసరికి అక్కడ తిరుపతి లడ్డంత గడ్డ కట్టింది.

మా ఊళ్ళో ప్లేట్‌లెట్లు పడిపోయాయంటే అందరూ డాక్టర్లే. ఒకరు బొప్పాయి ఆకు రసం తెచ్చారు. ఒకరు మేకపాలు. మా బావమరిది కివీ పండ్లు, డజను. మా అమ్మ కరోనా నాటి నుంచి పొయ్యి మీద దించకుండా పెట్టుకున్న కషాయం తెచ్చింది: మిరియాలు, శొంఠి, తిప్పతీగ. "ఇమ్యూనిటీ తగ్గిపోయింది రా అబ్బోడా, అందుకే ఇట్లయింది. మూడు పూటలా తాగు" అంది. తాగాను.

అప్పుడే నాలుగు ప్యాకెట్ల ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. మా ఫ్యాక్టరీ కుర్రాళ్ళు నలుగురు సీజన్ పని వదిలేసి బ్లడ్ బ్యాంకుకు వెళ్ళారు. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెట్టరట. గది వేడిలోనే, ఉయ్యాల ఊపినట్టు ఊపే మిషన్ మీద పెడతారు, అదీ ఐదు రోజులే నిలవుంటాయి. లేత పసుపు రంగులో, పలచగా ఉంటుంది ఆ ప్యాకెట్. నాలుగూ ఎక్కాయి. సాయంత్రానికి ఇరవై వేలు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. పొద్దున చూస్తే మళ్ళీ ఎనిమిది వేలు. లెక్కలు రాసేవాణ్ణి కదా, నాకు అక్కడే అనుమానమొచ్చింది. సరుకు రాక కాదు, వచ్చిన సరుకు ఎక్కడో మాయమవుతోంది. గోడౌన్‌లో ఇట్లాంటిది జరిగితే మేం దొంగను వెతుకుతాం, ఇంకో లారీ సరుకు తెప్పించం.

ఆ మధ్యాహ్నమే తిరుపతికి బయలుదేరాం. పూతలపట్టు, పాకాల, చంద్రగిరి మీదుగా డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మా ఆవిడ నా తలను రెండు చేతులతో పట్టుకుంది, కుండ పట్టుకున్నట్టు. ఇంత తక్కువ ఉన్నప్పుడు తలలో రక్తస్రావమైతే కష్టమని ఎవరో చెప్పారు. చంద్రగిరి దాటాక ఎదురుగా శేషాచలం కొండలు కనిపిస్తే ఆమె ఒక చేయి తీసి దణ్ణం పెట్టింది, వెంటనే మళ్ళీ పట్టుకుంది.

తిరుపతిలో చూసిన డాక్టర్ మేడమ్ ముందు నా కాళ్ళు చూశారు. గాజు గ్లాసు అడుగుతో ఒక ఎర్ర చుక్కను నొక్కారు. రంగు పోలేదు. చర్మం దద్దురైతే నొక్కితే తెల్లబడుతుందట, ఇది చర్మం కింద కారిన నెత్తురు కాబట్టి పోదు. పొట్ట నొక్కి చూశారు. జ్వరం వచ్చిందా, కీళ్ళ నొప్పులున్నాయా, ఏ మాత్రలు వాడతావు అని ఓపిగ్గా అడిగారు. తర్వాత రక్తాన్ని గాజు పలక మీద రాయించి, ఆమే మైక్రోస్కోపులో చూసి వచ్చారు. ఎర్ర కణాలు, తెల్ల కణాలు బాగున్నాయి, ప్లేట్‌లెట్లు మాత్రమే లేవు, ఉన్న ఒకటీ అరా కూడా పెద్ద సైజువి అన్నారు. హెపటైటిస్, హెచ్ఐవీ, థైరాయిడ్ లాంటివి ఒక్కొక్కటే చూసి లేవని తేల్చుకున్నారు. దీనికి ఇదే అని చెప్పే పరీక్ష ఒక్కటీ లేదట. మిగతావన్నీ కాదని తేలాక మిగిలేది ఇది. పేరు ఐటీపీ. ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా.

"మీ ఇమ్యూనిటీయే మీ ప్లేట్‌లెట్లను శత్రువులనుకుని గుర్తు పెడుతోంది. ఆ గుర్తు ఉన్నవాటిని స్ప్లీన్, అంటే పొట్టలో ఎడమ పక్కనుండే ప్లీహం, పట్టుకుని మింగేస్తోంది. బయటివాళ్ళవి ఎక్కించినా వాటికీ అదే గతి" అన్నారు మేడమ్. మామూలు మనిషి ఎముకల మూలుగలో రోజుకు దాదాపు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లు తయారవుతాయట. ఒక్కొక్కటి ఏడు నుంచి పది రోజులు బతుకుతుంది. నా ఒంట్లో గంటల్లోనే, మహా అయితే ఒకట్రెండు రోజుల్లో పోతున్నాయి. పైగా ఆ దాడి మూలుగలో తయారీని కూడా దెబ్బ తీస్తుందట.

నేను కషాయం సంగతి చెప్పాను. ఇమ్యూనిటీ పెరగాలని రోజుకు మూడు గ్లాసులు. మేడమ్ నవ్వలేదు. "ముందు అది ఆపండి" అన్నారు. పక్కనే ఉన్న మా అమ్మ ముఖం చూడలేకపోయాను. రెండేళ్ళుగా ఊరూ వాడా, టీవీలూ కలిసి ఆమెకు నేర్పిందే ఆమె చేసింది. ఇమ్యూనిటీ ఎక్కువైతే జబ్బు చేస్తుందని ఆమెకు ఎవరు చెప్పారు? అసలు అది ఎక్కువ తక్కువల సంగతి కూడా కాదని, దారి తప్పడమని నాకే అర్థం కావడానికి నెల పట్టింది.

ఇమ్యూనిటీ దాడిని అణచడానికి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున, నేను అరవై కిలోలు, అరవై మిల్లీగ్రాములు. టిఫిన్ తిన్నాక ఆరు మాత్రలు ఒకేసారి. రాత్రి నిద్ర పట్టేది కాదు. రెండింటికి ఆకలి. వార్డులో నైట్ డ్యూటీ చేసే పీజీ డాక్టర్, కడప అబ్బాయి, నేను మేలుకుని ఉండటం చూసి వచ్చి కూచునేవాడు. అతనే ఒక కథ చెప్పాడు.

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అని ఒక కుర్ర డాక్టరు ఉండేవాడట. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు తయారు కావడం లేదా, తయారైనవి నాశనమవుతున్నాయా అని అప్పటికి తేలలేదు. నాశనం చేసేదేదో రోగి రక్తంలోనే ఉందని అతని అనుమానం. తేల్చుకోవడానికి ఈ జబ్బున్న ఒక ఆవిడ రక్తం అర లీటరు తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. కొన్ని గంటల్లో అతని ప్లేట్‌లెట్లు అడుగంటాయి. ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళంతా నా కాళ్ళ మీద ఉన్నలాంటి చుక్కలే. కొద్ది రోజుల్లో కోలుకున్నాడు. తర్వాత సాటి డాక్టర్లు కూడా చేతులు చాపారు, చాలామందికి అలాగే పడిపోయాయి. 1951లో అచ్చు వేశారు. ఆ నాశనం చేసేది యాంటీబాడీ అని, అంటే మేడమ్ చెప్పిన ఆ గుర్తే అని, ఆ తర్వాత తేలింది.

"చచ్చిపోతే?" అన్నాను.

"అదే నేనూ అడిగేది" అన్నాడు. "ఇప్పుడైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటుంది?"

నాకు ఆ రాత్రి మా ఫ్యాక్టరీ కుర్రాళ్ళ నాలుగు ప్యాకెట్లు గుర్తొచ్చాయి. డెబ్బై ఏళ్ళ కిందట ఒకాయన ప్రాణం పణంగా పెట్టి తేల్చిన విషయం, డెబ్బై కిలోమీటర్లు దాటి మా చిత్తూరు నర్సింగ్ హోమ్ దాకా రాలేదు. కోపం వచ్చింది. స్టెరాయిడ్ వల్ల కూడా కావచ్చు, ఆ రోజుల్లో నాకు అన్నిటికీ కోపమే.

ఐదో రోజుకు నలభై ఒక్క వేలు. పన్నెండో రోజుకు లక్షా పది వేలు. చుక్కలు పోయాయి. ముఖం మాత్రం గుమ్మడికాయలా ఉబ్బింది, షుగరు రెండొందల నలభైకి ఎగబాకింది. డ్యూటీలో చేరాక, తూకం గురించి అడిగిన ఒక పెద్దాయన స్లిప్పు ఆయన ముందే చింపేశాను. మూడు టన్నుల కాయ తెచ్చిన రైతు. మర్నాడు వాళ్ళ ఊరికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మాత్రలు గదా నాయనా, ఏం కాదులే" అన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ చింపిన చప్పుడు వినబడుతుంది.

మాత్రలు తగ్గిస్తూ వచ్చేసరికి సెప్టెంబరులో మళ్ళీ పద్నాలుగు వేలు. స్ప్లీన్ తీసేయడం ఒక దారి అన్నారు. ఇది 1916 నాటి ఉపాయం, ప్రాగ్‌లో కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థికి తట్టింది. అతని ప్రొఫెసరు విని ఒకావిడకు తీశారు, ప్లేట్‌లెట్లు పెరిగాయి. విద్యార్థి మాట విన్న ఆ ప్రొఫెసరును మెచ్చుకోవాలి. కానీ స్ప్లీన్ లేకపోతే కొన్ని ఇన్ఫెక్షన్లు జీవితాంతం ప్రమాదం, ముందే టీకాలు వేయించుకోవాలి. నేను భయపడ్డాను. అప్పుడు ఎల్ట్రాంబోపాగ్ అనే మాత్ర రాశారు. లివర్‌లో తయారయ్యే ఒక హార్మోను మూలుగకు ప్లేట్‌లెట్లు చెయ్యమని ఆర్డరు పంపుతుంది. ఈ మాత్ర ఆ ఆర్డరును నకలు కొడుతుంది. దొంగను పట్టుకోలేకపోతే ఉత్పత్తి పెంచడం. అకౌంటెంటుగా నాకు నచ్చని పద్ధతే, కానీ సీజన్‌లో మేమూ చేసేది అదే.

మూడు వారాలు మింగినా పదహారు వేలు దాటలేదు. డోసు పెంచబోతూ మేడమ్ అడిగారు: "ఎప్పుడు వేసుకుంటున్నారు?"

"పొద్దున ఖాళీ కడుపుతోనే మేడమ్. రాగి జావతో."

ఆమె పెన్ను కింద పెట్టారు. మజ్జిగ పోసిన రాగి జావ. రాగుల నిండా క్యాల్షియం, మజ్జిగలో ఇంకొంత. క్యాల్షియం ఈ మాత్రను పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వదట. మాత్ర వేసుకున్నాక రెండు గంటలు, లేదా అలాంటివి తిన్నాక నాలుగు గంటలు ఆగాలి. చెప్పారు కూడా, పాలు పెరుగు వద్దని. కానీ మా చిత్తూరు జిల్లాలో రాగి జావను తిండి కింద ఎవరు లెక్కేస్తారు? అది నీళ్ళతో సమానం. అప్పటి నుంచి తెల్లారి ఐదింటికి అలారం పెట్టుకుని నీళ్ళతో మాత్ర. ఏడు దాటితే గానీ టీ లేదు. సంగటి, ఊరిబిండి మధ్యాహ్నానికి మారాయి. డోసు పెంచకుండానే రెండు వారాల్లో డెబ్బై వేలు.

ఏడాదిన్నర వాడాక మెల్లగా తగ్గించి 2024లో ఆపేశారు. ఇప్పుడు ప్లేట్‌లెట్లు యాభై వేలకీ డెబ్బై వేలకీ మధ్య ఊగుతూ ఉంటాయి. ముప్పై వేలు దాటి, రక్తం కారకుండా ఉంటే మందు అక్కర్లేదంటారు మేడమ్. నొప్పికి పారాసిటమాల్ తప్ప బ్రూఫెన్, డైక్లో జోలికి పోను. మొన్న ఫ్యాక్టరీలో రక్తదాన శిబిరం పెడితే నా పేరు రాయొద్దన్నాను. కొత్త కుర్రాడు "భయమా సార్?" అన్నాడు. హారింగ్టన్ కథ చెప్పాను. నమ్మినట్టు లేడు. పేర్లు రాసే టేబుల్ దగ్గర కూచున్నాను.

అమ్మకు మాత్రం లక్ష లోపు ఏ అంకె చెప్పినా అన్నం సహించదు. పోయిన శనివారం రిపోర్టు వచ్చింది, యాభై ఎనిమిది వేలు. గుమ్మంలోనే ఎదురొచ్చి "ఎంత రా అబ్బోడా?" అంది.

"లక్షా ఇరవై మా."

ఇరవై రెండేళ్ళ సర్వీసులో తప్పుడు ఎంట్రీ ఒక్కటి లేదు నాకు. ఆమె లోపలికి వెళ్ళి సంగటి కెలకడం మొదలుపెట్టింది.