కూర్చుంటే 124, నిలబడితే 98

గుండెపోటుకు స్టెంట్ వేసి ఇంటికి పంపినప్పుడు రామిప్రిల్, మెటోప్రొలాల్, నీరు పోయే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర, రక్తం పలచబరిచేవి రెండు రాశారు. మూడో వారం నుంచి మంచం మీంచి లేవగానే కళ్ళు బైర్లు కమ్మేవి. కూర్చుని చూస్తే బీపీ 124/78. నీరసమే అనుకున్నాను. చూడాల్సిన పద్ధతి వేరు.

ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి చూడాలి. లేచి నిలబడ్డ నిమిషానికి ఒకసారి, మూడో నిమిషంలో మరోసారి. పట్టీ ఉన్న చేతిని గుండె ఎత్తులో ఆనించాలి. చెయ్యి కిందికి వేలాడితే అంకె ఎక్కువ చూపించి, అసలు తగ్గుదలను దాచేస్తుంది. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే డాక్టరుకు చెప్పాల్సిందే. నాది 98/64కి పడింది. నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. గుండె వేగం పెంచి, రక్తనాళాలు బిగిసి సర్దుకోవాలి. మెటోప్రొలాల్ ఆ వేగాన్ని పెరగనివ్వదు, రామిప్రిల్ నాళాలను వదులు చేస్తుంది, మూడోది ఒంట్లో నీటినే తగ్గిస్తుంది. డాక్టరు ఆ మూడోదాన్ని సగం చేశారు. పది రోజుల్లో తల తిరుగుడు తగ్గింది.

దగ్గు సంగతి వేరు. కళ్ళె లేదు, జ్వరం లేదు, గొంతులో ఈక పెట్టి గెలికినట్టు రాత్రంతా ఒకటే దగ్గు. రామిప్రిల్ వల్ల బ్రాడీకినిన్ అనే పదార్థం పేరుకుని వచ్చే దగ్గు ఇది, సిరప్పులకు లొంగదు. టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందుకు మార్చాక దగ్గు తగ్గడానికి నెల పట్టింది. పెదవులో నాలుకో వాస్తే మాత్రం ఆగకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

రామిప్రిల్, టెల్మిసార్టాన్‌లలో ఏది మొదలుపెట్టినా, డోసు మార్చినా, ఒకటి రెండు వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్ష చేయించాలి. క్రియాటినిన్ మునుపటికన్నా 30 శాతం దాకా పెరిగితే సాధారణంగా మందు ఆపరు, పొటాషియం 5.5 దాటితే డోసు చూడాలి. ఒళ్ళు నొప్పులకు ఐబుప్రోఫెన్ వేసుకుంటే ఈ మందులతో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఏ మాత్ర ఆపాలో ముందే అడిగి రాసుకోవాలి.

నాడి నిమిషం నిండా లెక్కపెడతాను. 50కి తగ్గి, తల తిరిగితే ఫోన్ చేయమన్నారు. అంతేగానీ మెటోప్రొలాల్‌ను ఉన్నట్టుండి మానకూడదు. ఛాతీ నొప్పి తిరగబెట్టవచ్చు.