మావారి క్యాన్సర్, మా స్పెషలిస్ట్ నర్స్

మేం ఉండేది బర్మింగ్‌హామ్‌లో. కిందటేడు మావారికి కళ్లు పచ్చబడితే మామూలు కామెర్లే అనుకున్నాం. స్కాన్‌లో క్లోమం (ప్యాంక్రియాస్) తలభాగంలో గడ్డ కనిపించింది. క్యాన్సరని చెప్పి డాక్టర్ వెళ్లిపోయారు. పక్కన కూర్చున్నావిడ మాత్రం కదల్లేదు. "నేను మీ స్పెషలిస్ట్ నర్స్‌ని. ఇప్పుడు విన్నదాంట్లో ఏది అర్థం కాకపోయినా అడగండి" అంటూ తన ఫోన్ నంబరున్న కార్డు నా చేతిలో పెట్టింది. సర్జన్లు, ఆంకాలజిస్టులు, రేడియాలజిస్టులు కలిసి కేసు చర్చించే మీటింగ్‌లో ఆవిడా ఉంటుంది. అక్కడ ఏం తేలిందో మాకు ఫోన్ చేసి చెప్పేది ఆవిడే.

విపుల్ (Whipple) అనే ఆపరేషన్ చేసి క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం తీసేశారు. ఇంటికొచ్చాక మొదలైంది అసలు టెన్షన్. మూడు వారాల్లో ఆరు కిలోలు తగ్గారు. జబ్బు తిరగబెట్టిందేమోనని నాకు నిద్ర లేదు. ఆయనతో అనలేక నర్స్‌కి ఫోన్ చేశాను.

స్పీకర్ పెట్టమని నేరుగా ఆయన్నే అడిగింది: "మలం జిడ్డుగా, లేత రంగులో ఉంటోందా? నీళ్ల మీద తేలుతోందా?" మావారు తల దించుకున్నారు. ఇరవై రెండేళ్ల కాపురంలో నాతో ఎన్నడూ అనని మాటలవి. జ్వరం ఎంతుందని అడిగినంత మామూలుగా ఆవిడ అడిగేసరికి అన్నీ చెప్పేశారు.

"మరి క్రియాన్ క్యాప్సూల్స్ ఎప్పుడు వేసుకుంటున్నారు?"

భోజనానికి అరగంట ముందు, వేడి కాఫీతో. డిశ్చార్జ్ రోజు డబ్బా ఇచ్చారే గానీ ఎలా వేసుకోవాలో ఎవరూ విడమరచి చెప్పలేదు. క్లోమం ఇవ్వలేని జీర్ణరసాలే ఆ క్యాప్సూల్‌లో ఉంటాయట. అవి సరిగా అందకే తిన్నది ఒంటబట్టట్లేదన్నమాట. అన్నంతో పాటే లోపలికి వెళ్లాలి. వేడి తగిలితే పాడవుతాయి. మొదటి ముద్దలతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి, చన్నీళ్లతో వేసుకోమంది. గ్లాసు పాలు తాగినా ఒకటి కావాలి. నేను మంచిదనుకుని నెయ్యి మాన్పించాను. "బరువు తగ్గుతున్న మనిషికి కొవ్వు ఆపకండి, అవసరమైతే క్యాప్సూల్స్ పెంచుదాం" అని డైటీషియన్‌తో మాట్లాడి డోసు మార్పించింది. అది ఆయనకు సరిపడే డోసు. మీది మీ డాక్టర్లే చెప్పాలి.

ఇంకో సంగతి. ఆ మందు పంది క్లోమం నుంచి తీస్తారు. మేం శాకాహారులం. ఆవిడ ఆపరేషన్‌కి ముందే ఈ మాట చెప్పి, ఇక్కడ దీనికి శాకాహార ప్రత్యామ్నాయం లేదని, నిర్ణయం మాదేనని ఒక రోజు టైమిచ్చింది. ఆ రాత్రి ఆయన మా అత్తగారికి ఫోన్ చేశారు. "మందుకి మడి ఏంటి నాయనా, వేసుకో" అందావిడ.

రెండు వారాలకి బరువు తగ్గడం ఆగింది. నెలకి కిలోన్నర పెరిగారు. వచ్చే సోమవారం కీమో మొదలు, రెండు వారాలకోసారి, మొత్తం పన్నెండు. థర్మామీటర్ కొనిపెట్టుకోమని, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కి చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయమని నర్స్ ఇరవై నాలుగు గంటల నంబర్ రాసిచ్చింది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను.