మిర్చి పైసలు బ్యాంకులో వేయడానికి మేం పడ్డ తిప్పలు: నా అనుభవం

ఈ రోజు మధ్యాహ్నం మా బాపు ఖాతాలో 3,60,000 రూపాయలు జమ అయ్యాయి. ఆ వెంటనే పంట రుణం కూడా కట్టేశాం. గడువు 2025 మార్చి 31 కాబట్టి గండం గట్టెక్కినట్టే. కానీ కోపం మాత్రం చల్లారలేదు. మా దగ్గర మిర్చి, పత్తి అమ్ముకుని చేతిలో నగదుతో బ్యాంకు మెట్లెక్కే వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని అంతా రాసి పెడుతున్నాను.

మాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. జిల్లా కేంద్రానికి పోవాలంటే దాదాపు 200 కిలోమీటర్లు. అంతకంటే వరంగల్ దగ్గర. అందుకే మా మిర్చి గోదావరి వంతెన దాటి, కాళేశ్వరం, భూపాలపల్లి మీదుగా ఏనుమాముల మార్కెట్‌కే పోతుంది. ఈ ఏడు ధర బాగా పడిపోయింది. ఇంకా ఆగితే ఇంకా పడుతుందేమోనన్న భయంతో బాపు రెండు విడతలుగా అమ్మేశాడు. ఒక విడతకు 1,70,000, ఇంకో విడతకు 1,40,000 వచ్చాయి. ఇంటి దగ్గర పత్తి అమ్మిన 50,000 దానికి తోడు.

మొదట అడ్తిదారు (మార్కెట్‌లో మా పంట అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటు) నగదు ఇస్తానని అనలేదు. బాపు ఖాతా నంబరు తీసుకుని పైసలు పంపించాడు కూడా. అవి పోయినట్టే పోయి వెనక్కి వచ్చాయి. ఎందుకని అడిగితే ఆయనకూ తెలియదు. "మీ ఖాతాలోనే ఏదో ఉంది, నగదు తీసుకుపోండి" అన్నాడు. మార్కెట్‌లో తక్‌పట్టీలు (తూకం, ధర రాసిన అమ్మకం చీటీలు) ఇచ్చారు. వాటిని నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచాను. ఆ రెండు కాగితాలే చివరికి మమ్మల్ని కాపాడాయి.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. ఒకే మనిషి దగ్గర ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీ కింద గానీ 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2017 ఏప్రిల్ 1 నుంచి చట్టం ఉంది. తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా. అది ఇచ్చిన వాడికి కాదు, పుచ్చుకున్న వాడికి. మాకు ప్రతి విడతా 2 లక్షల లోపే కాబట్టి ఆ బాధ లేదు. రైతు సొంత పంటను 2 లక్షల లోపు నగదుకు అమ్ముకుంటే ఏ ఇబ్బందీ లేదని, ఆ అమ్మకానికి పాన్ కూడా అక్కర్లేదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 నవంబర్ 3న 27వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. పెద్ద మొత్తానికి అమ్మేవాళ్లు అడ్తిదారుతో మొహమాటపడకుండా మిగతాది ఖాతాలో వేయమని అడగండి.

ఇక బ్యాంకు సంగతి.

నాకు సిరోంచలో చిన్న జిరాక్స్ షాపు ఉంది. బ్యాంకు ఫారాలు, ఆధార్ ఫారాలు నింపిపెట్టడం నాకు రోజూ పనే. ఊళ్లో సగం మంది ఖాతా ఫారాలు నా చేతి రాతతోనే ఉంటాయి. జమ చీటీ మరాఠీలో తప్పు లేకుండా నింపాను. ఐదు వందల నోట్లు ఏడు కట్టలు, పైన ఇరవై నోట్లు. గడుల్లో లెక్క వేసి, కింద బాపు చేత సంతకం పెట్టించాను. బాపు తెలుగులోనే సంతకం పెడతాడు.

కౌంటర్‌లో ఉన్నతను కొత్తగా బదిలీ మీద వచ్చిన మనిషి. చీటీ చూశాడు, సంతకం చూశాడు, బాపు చెప్పులు చూశాడు. "ఎంత? మూడు లక్షల అరవై వేలా? ఎక్కడివి?" అని హిందీలో అడిగాడు. బాపు "మిర్చీ కే హై సాబ్" అన్నాడు. సంచిలోంచి కట్టలు తీసి లోపలికి తోశాడు. మా ఇంట్లో మిర్చి కల్లం పక్కనే పెట్టె. నోట్ల అంచులకు ఎర్రటి దుమ్ము పట్టి ఉంది. అతను ఒక కట్ట విప్పగానే ఘాటు ఎక్కి వరసగా తుమ్మాడు. పక్క కౌంటర్ వాళ్లు నవ్వారు. నవ్విందీ తుమ్మిందీ మాకు పట్టింపు లేదు. కానీ అతను ఆ కట్టను బాపు ఛాతీకి తగిలేలా వెనక్కి విసిరాడు. రబ్బరు బ్యాండు తెగి నోట్లు నేల మీద పడ్డాయి. "ఇవి నోట్లా, చెత్తా? కడిగి తీసుకురా" అన్నాడు.

అరవై దాటిన మనిషి, క్యూలో అందరూ చూస్తుండగా వంగి ఒక్కొక్క నోటూ ఏరుకున్నాడు. నేనూ కూర్చుని ఏరాను. ఒక్కరూ చెయ్యి వేయలేదు. అప్పుడు అతను గార్డును పిలిచి అన్న మాట ఇది: "వీళ్ల సంచి చూడు. జంగల్ వాళ్ల పైసలు కావు కదా?"

గడ్చిరోలిలో ఆ మాటకు అర్థం ఏమిటో బయటి వాళ్లకు తెలియకపోవచ్చు. జంగల్ వాళ్లంటే నక్సలైట్లు. ఇక్కడ ఆ మాట ఒకసారి మీద పడిందంటే పోలీసులు, విచారణలు, ఊళ్లో గుసగుసలు. అది ఎంత బరువైన మాటో మా తరానికి తెలుసు. బాపు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వద్దు బిడ్డా, ఇంటికి పోదాం" అన్నాడు. నేను తక్‌పట్టీలు తీసి కౌంటర్ మీద పెట్టాను. అతను వాటి వైపు చూడలేదు. "మీ ఇంట్లో మగవాళ్లు లేరా? అన్ననో తమ్ముడినో పంపు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఎలాగైనా ఈ పైసలు ఈ బ్రాంచిలోనే, నా చేతి మీదుగానే వేస్తానని గట్టిగా అనుకున్నాను.

మురికి నోటును బ్యాంకు కాదనడానికి వీల్లేదు. చినిగినవి, మాసినవి మార్చి ఇవ్వడమే ప్రతి బ్యాంకు శాఖకూ రిజర్వ్ బ్యాంకు పెట్టిన పని. దుమ్ము పట్టిన మంచి నోటు గురించి చెప్పేదేముంది? దొంగ నోటని అనుమానం వస్తే ఆ నోటు మీద ముద్ర వేసి తమ దగ్గరే ఉంచుకోవాలి, మనకు రసీదు ఇవ్వాలి. అంతే తప్ప విసిరికొట్టే అధికారం ఎవరికీ లేదు. రైతు కష్టపడితేనే ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ల కంచంలో కూర ఉడుకుతుంది. పంట రుణాల వడ్డీతో నడిచే శాఖలో రైతును అంత మాట అన్నారు. అది ఎప్పటికీ మరిచిపోను.

కాసేపటికి అతను రెండు అడ్డంకులు చెప్పాడు. ఒకటి, పాన్ లేదు కాబట్టి కుదరదు. రెండోది, ఇది జన్ ధన్ ఖాతా, ఇందులో ఇంత వేయకూడదు.

పాన్ సంగతి నాకు తెలుసు. 2025 మార్చి నాటి నియమం ప్రకారం ఒక రోజులో 50,000 దాటి నగదు వేస్తే పాన్ నంబరు రాయాలి. పాన్ లేని వాళ్లు 60వ నంబరు ఫారం నింపి ఇవ్వొచ్చు. అందులో వ్యవసాయ ఆదాయం ఎంత, మిగతా ఆదాయం ఎంత అని వేర్వేరు గడులు ఉంటాయి. బాపుకు మిగతా ఆదాయం ఏమీ లేదు. ఆ ఫారం నా షాపులో కట్టలుగా ఉంటుంది. కౌంటర్‌లో ఉన్న వాడికి మాత్రం అలాంటి ఫారం ఒకటి ఉందని కూడా తెలియనట్టు మాట్లాడాడు. ఏడాది మొత్తంలో జమలు 20 లక్షలకు చేరేవాళ్లకు మాత్రం ఈ ఫారం సరిపోదు. 2022 మే 26 నుంచి వాళ్లకు పాన్ గానీ ఆధార్ గానీ తప్పనిసరి.

రెండో అడ్డంకి నన్ను కూడా తికమక పెట్టింది. ఎవరిని అడిగినా తలా ఒక మాట. ఒకరు 50,000 అన్నారు, ఒకరు లక్ష అన్నారు, బయట పాన్‌షాపు దగ్గర నిలబడే దళారీ మాత్రం "జన్ ధన్‌లో ఇంత పడదమ్మా, నాకివ్వు, పది మంది ఖాతాల్లో వేయించి తిప్పి ఇస్తా, నూటికి రెండు రూపాయలు చాలు" అన్నాడు. ఇలాంటి వాళ్లకు మీ పైసలు అప్పజెప్పకండి. మన పైసలు ఇంకొకరి పేరు మీద పడితే అవి మనవని రేపు ఏ కాగితంతో నిరూపిస్తాం? ఖాతా అద్దెకిచ్చిన ఆ పేదవాళ్ల మెడకూ చుట్టుకుంటుంది.

రాత్రి కూర్చుని వెతికి, చదివి అసలు విషయం పట్టుకున్నాను. జన్ ధన్ అయినంత మాత్రాన పరిమితి ఏమీ ఉండదు. పూర్తి గుర్తింపు పత్రాలు లేకుండా ఒక ఫోటో, సంతకంతో తెరిచిన వాటిని చిన్న ఖాతాలు అంటారు. వాటికే కట్టుబాట్లు. ఎప్పుడూ నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదిలో జమలు లక్ష దాటకూడదు, నెలకు 10,000 కంటే తీయకూడదు. బాపు ఖాతా 2015లో ఊళ్లో శిబిరం పెట్టి తెరిచారు. రికార్డుల్లో అది ఇప్పటికీ చిన్న ఖాతాగానే ఉండిపోయింది. అడ్తిదారు పంపిన పైసలు ఎందుకు వెనక్కి వచ్చాయో అప్పుడు అర్థమైంది.

"మరి పీఎం కిసాన్ పైసలు, నమో శేత్కరీ పైసలు ఇదే ఖాతాలో పడుతున్నాయి కదా" అని బాపు అడిగాడు. నమో శేత్కరీ అంటే మహారాష్ట్ర ప్రభుత్వం రైతులకిచ్చే సాయం. నిజమే, పడుతున్నాయి. ఆధార్ లింకు ఉంది కాబట్టి పడుతున్నాయి. ఆధార్ లింకు వేరు, కేవైసీ (గుర్తింపు పత్రాలు ఇచ్చి బ్యాంకు చేత సరిచూయించుకోవడం) వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే మా దగ్గర ఎంతమంది ఖాతాలు ఇలా ఇరుక్కుని ఉన్నాయో. మీ ఇంట్లో పాత జన్ ధన్ ఖాతా ఉంటే పంట చేతికి రాకముందే బ్యాంకుకు పోయి "మాది చిన్న ఖాతానా, పూర్తి కేవైసీ అయిందా" అని అడగండి.

మరుసటి పొద్దున నేను నేరుగా మేనేజర్ దగ్గరికి పోయాను. చేతిలో కేవైసీ ఫారం, ఆధార్ జిరాక్సు, ఫోటోలు, 60వ నంబరు ఫారం, తక్‌పట్టీలు, బోర్డు సర్క్యులర్ ప్రింటు. వాటన్నిటి మీద ఒక అర్జీ. అందులో మరాఠీలో ఒకే వాక్యం రాశాను: ఈ నగదును ఏ నియమం ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వగలరు. నకలు మీద ముద్ర వేసి ఇవ్వమని అడిగాను. ఆయన అర్జీ చదివి, సర్క్యులర్ చదివి, బాపును కుర్చీలో కూర్చోమన్నాడు. ముందు రోజు నుంచి బాపును ఆ బ్యాంకులో కూర్చోమన్న మనిషి ఆయనొక్కడే. కేవైసీ సాయంత్రానికి పూర్తి చేయించాడు. ఈ రోజు నగదు లెక్కపెట్టింది కూడా ఆ కౌంటర్ అతనే. మిషన్‌లో ఏడు కట్టలూ ఒక్క నోటు తిరిగి రాకుండా లెక్క సరిపోయింది. అతను తలెత్తలేదు. క్షమాపణ అడగలేదు, మేమూ అడిగించుకోలేదు.

మీరూ నోటి మాటతో వాదించకండి. గొంతు పెంచితే గార్డును పిలుస్తారు. అర్జీ రాసి ముద్ర అడిగితే కుర్చీ వేస్తారు.

ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు ఇంటికొస్తారని మా చిన్నాయన ఒకటే టెన్షన్ పడ్డాడు. సేవింగ్స్ ఖాతాలో ఏడాదికి మొత్తం నగదు జమలు 10 లక్షలకు చేరితే బ్యాంకు ఆ సమాచారం పన్నుల శాఖకు పంపుతుంది. వ్యాపారుల కరెంట్ ఖాతాకైతే అది 50 లక్షలు. అంటే సమాచారం పోతుందే గానీ అంతమాత్రాన పన్ను పడదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. అయితే ఎక్కడి నుంచి వచ్చాయో చూపించలేకపోతే మాత్రం భారీగా పన్ను పడుతుంది, 2025 మార్చి నాటికి అది 60 శాతం, దాని మీద సర్‌ఛార్జి. అందుకే తక్‌పట్టీ పారేయకండి. మా పక్కింటి వాళ్లు వాళ్ల పైసలు కూడా మా ఖాతాలోనే వేయమని అడిగారు. బాధ పడ్డా సరే, వద్దని చెప్పాను.

ఇంకొక్కటి మిగిలింది. జమ అయిన కాసేపటికే 59 రూపాయలు కోసినట్టు మెసేజ్ వచ్చింది. నగదు జమ ఛార్జీ 50, దాని మీద 18 శాతం జీఎస్టీ 9. మామూలు ఖాతాలకు ఎవరి ఛార్జీలు వాళ్లు పెట్టుకోవచ్చు. కానీ బాపుది కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ ఖాతా. అలాంటి ఖాతాలో నగదు ఎన్నిసార్లు వేసినా, ఎంత వేసినా ఛార్జీ ఉండకూడదని రిజర్వ్ బ్యాంకు 2019లోనే చెప్పింది. మొత్తం చిన్నదే, కానీ వదలను. సాయంత్రం బ్యాంకు మూసేలోపు ఇంకో అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకొచ్చాను. 30 రోజుల్లో వెనక్కి వేయకపోతే రిజర్వ్ బ్యాంకు ఒంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. కావలసిన కాగితాలన్నీ నా షాపులోనే ఉన్నాయి.