జడ్డిగంలో పిడికిలి

ఇల్లినాయిస్‌లో మా ఇంటి చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న చేలే. ఒకేసారి ఇరవైనాలుగు సాళ్లు విత్తే యంత్రాలను మా అమ్మాయి ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది. విత్తనపు గొర్రును 1701 ప్రాంతంలో ఇంగ్లండులో జెత్రో టల్ కనిపెట్టాడని చదువుకొని వచ్చి, "మరి తాతకు గొర్రుతో విత్తడం ఎవరు నేర్పారమ్మా?" అని అడిగింది. దక్షిణ భారతంలో హాల్‌కాట్ అనే ఆంగ్ల అధికారి, గొర్రును ఐరోపా వారి కొత్త ఆవిష్కరణగా భావిస్తూ వచ్చి, అక్కడి రైతులు అనాదిగా దానితోనే విత్తుతున్నారని తెలుసుకొని రాసిన లేఖ 1797లో అచ్చయిందని చెప్పాను. తల ఊపింది గాని, దాని మనసుకు ఎక్కలేదు.

మనం పిల్లలకు పండుగలూ పద్యాలూ నేర్పుతాము గాని, పని మాటలు నేర్పము. గొర్రు, గుంటక, కాడి, మేడి అన్న మాటలు చేతిలో కొయ్య లేకుండా నిలవవని నా నమ్మకం.

ఏరువాక వేళకు అనంతపురం జిల్లాలోని మా ఊరికి వెళ్లినప్పుడు నాన్న అటక మీది గొర్రును దింపించారు. తుమ్మకొయ్య దుంపకు నాలుగు పళ్లు, పంటికొక వెదురు గొట్టం, ఆ గొట్టాలన్నీ పైన కలిసే చోట నాలుగు రంధ్రాల చెక్క గిన్నె, అదే జడ్డిగం. ఏళ్ల తరబడి గింజలు జారి ఆ రంధ్రాల అంచులు అద్దంలా నునుపెక్కాయి. పొరుగువారి ఎద్దులతో ఒక మడి విత్తారు. నాన్న గొర్రు తోలుతుంటే, వెనుక నడిచే మా అమ్మ ఇసుక కలిపిన కొర్రలను పిడికిట పట్టి, నాలుగు రంధ్రాల్లోకీ సమంగా జారేలా వేళ్ల సందుల నుంచి విడిచింది. పిడికిలి వదులైతే విత్తనం ఒకచోటే కుప్పపడుతుంది, బిగిస్తే సాలు ఖాళీగా పోతుంది, ఎద్దులేమో ఎవరి కోసమూ ఆగవు. చివరి రెండు సాళ్లకు అమ్మ మనుమరాలి చేతిని తన చేతిలోకి తీసుకొని, కాసేపటికి మెల్లగా వదిలేసింది.

వారం తిరిగేసరికి మొలకలు కనిపించాయి. అమ్మ విత్తిన సాళ్లు గీత గీసినట్టున్నాయి. చివరి సాళ్లలో రెండు చోట్ల జానెడేసి ఖాళీ. నాన్న గట్టున కూర్చొని, "ఈడ పిడికిలి బిగబట్టినావు తల్లీ" అన్నారు. అమ్మాయి ఆ పోగుంటల్లో వేలితో గుంతలు చేసి, తానే గింజలు పెట్టి మట్టి కప్పింది.