ఎనభై కుదిరినా ఫెయిలే: కుక్కల్ని గమనించే కోర్సు, నా అనుభవం

నిన్న సర్టిఫికెట్ మెయిల్లో వచ్చింది. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను. నాలుగు రోజులు పోతే నాకు అందరూ మంచివాళ్లలాగే కనిపిస్తారు, అప్పుడు రాసి ప్రయోజనం ఉండదు.

నేను డ్రాయింగ్ టీచర్ని. మాది హిందూపురం. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరు మత్తికెరెలో ఉంటున్నాం. ఇక్కడ ఒక సంస్థ శని, ఆదివారాల్లో ఒక కోర్సు పెట్టింది. జంతువులు, మనుషులు ఎలా ప్రవర్తిస్తారో సైన్సు పద్ధతిలో గమనించి రాయాలి, చూసింది బొమ్మగా గీయాలి. సైన్సు చదివినవాళ్లు సగం మంది, బొమ్మలేసేవాళ్లు సగం మంది. అప్లికేషన్, ఫీజు, ఫోన్లో నాలుగు ప్రశ్నలు, అంతే. సీటు వచ్చేసింది.

కుక్కల్ని పార్కులో చూడమన్నారు. ఏ పార్కో చెప్పను. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన కెమెరాకు పర్మిషన్ కావాలన్నాడు. కెమెరా లేదు, పెన్సిలే ఉందని చూపించాను. దానికీ ఆఫీసులో అడగాలన్నాడు. ఆఫీసులో సార్ లేరు. సార్ ఉన్న రోజు లెటర్ ఇంగ్లీషులో ఉంది, కన్నడలో తెమ్మన్నారు. కన్నడలో తీసుకెళ్తే "గీసిన బొమ్మలు అమ్ముతారా?" అని అడిగారు. కుక్క నిద్రపోతున్న బొమ్మ ఎవరు కొంటారండీ! దండం పెట్టి వచ్చేసి మల్లేశ్వరం మార్కెట్ వీధిలో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మీరూ అదే చేయండి. ఈ ఊళ్లో కుక్కల కోసం పార్కు దాకా పోనక్కర్లేదు.

పాఠాలు మాత్రం బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి క్లాసులన్నీ జీన్ ఆల్ట్‌మన్ అనే ఆవిడ 1974లో రాసిన ఒక వ్యాసం చుట్టూనే నడిచాయి. కెన్యాలో అంబోసెలి దగ్గర బబూన్ కోతుల్ని ఏళ్ల తరబడి చూసినావిడ. ఆవిడ చెప్పింది ఏమిటంటే, మనకు తోచినప్పుడు తోచింది రాసుకుంటూ పోతే నోట్సు నిండా కొట్లాటలే ఉంటాయి. కన్ను గోల ఉన్న వైపే పోతుంది కాబట్టి. మూలన పడుకున్నది లెక్కలోకే రాదు. అందుకని ముందే ఒక జంతువును ఎంచుకుని, అది ఏం చేసినా, ఏం చేయకపోయినా, అనుకున్న టైమంతా దాన్నే చూడాలి. లేదంటే టైమర్ మోగినప్పుడల్లా గుంపు మొత్తాన్ని ఒకసారి చూసి, ఏది ఏం చేస్తోందో టిక్కు పెట్టాలి. ఈ వ్యాసం మా టీచర్లందరి చేతా చదివించాలి. క్లాసులో అల్లరి చేసే నలుగురి పేర్లు తప్ప మాకు మిగతా పేర్లు డిసెంబరు దాకా రావు.

జంతువుల ప్రవర్తన మీద పరిశోధన చేసిన టిన్‌బర్గెన్ సంగతి విన్న రోజు నాకు పండగే. సీగల్ పిల్లలు తల్లి ముక్కు మీదున్న ఎర్ర చుక్కను పొడిచి తిండి అడుగుతాయి. అవి నిజంగా ఆ చుక్కనే చూస్తున్నాయా అని తేల్చుకోవడానికి ఆయన అట్టతో పక్షి తలలు చేసి, చుక్క రంగు మార్చి మార్చి వాటికి చూపించాడు. 1973లో నోబెల్ పంచుకున్న పెద్దాయన అట్టముక్కలకు రంగులేశాడన్నమాట! మా స్కూల్లో లెక్కల టైము చాలకపోతే ముందు డ్రాయింగ్ పీరియడే లాక్కుంటారు, వాళ్లకు వినిపించాలి ఇది.

అంత దూరం ఎందుకు, మా ఇంటి దగ్గరే ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్సీ)లో రాఘవేంద్ర గదగ్‌కర్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు కందిరీగల్ని చూశారు. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఒంటి మీద రంగు చుక్కలు పెట్టి ఏది ఏదో గుర్తుపట్టేవారు. ఆ జాతిలో రాణి చాలా సాధువు, ఎవరి మీదికీ పోదు. దాన్ని గూటిలోంచి తీసేస్తే పనివాటిలో ఒకటి ఉన్నట్టుండి రెచ్చిపోయి మిగతావాటి మీద పడుతుంది. తర్వాతి రాణి అదే. గుడ్లు పెట్టడం మొదలయ్యాక అదీ మెత్తబడిపోతుంది. ఆ రంగు చుక్కలు లేకపోతే ఈ కథంతా ఎవరికి తెలిసేది?

మనుషుల్ని గమనించే భాగం మెజెస్టిక్ బస్టాండులో. ముఖాలు గీయకూడదు, పేర్లు అడగకూడదు, పిల్లల జోలికి అసలు పోకూడదు అన్నారు. మంచి రూలే. నేను కాళ్లు గీశాను. బస్సు ప్లాట్‌ఫారం మీదికి తిరగక ముందే చెప్పులు అటు తిరుగుతాయి, ముఖం మాత్రం ఫోన్లోనే ఉంటుంది. ఎడ్వర్డ్ హాల్ అనే ఆయన 1966లో మనిషికీ మనిషికీ మధ్య దూరాల కొలతలు ఇచ్చాడు: 45 సెంటీమీటర్ల లోపలికి బాగా కావలసినవాళ్లే, 1.2 మీటర్ల దాకా తెలిసినవాళ్లు, ఆ పైన పరాయివాళ్లు. అవి అమెరికా ఈశాన్యం వైపు మధ్యతరగతిని చూసి చెప్పిన లెక్కలని ఆయనే అన్నాడు కాబట్టి సరిపోయింది. సాయంత్రం ఆరింటికి యలహంక బస్సు తలుపు దగ్గర 45 సెంటీమీటర్లలో నలుగురు పడతారు, ఆ నలుగురికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

సర్టిఫికెట్ రావాలంటే ఒక పరీక్ష ఉంది. ఇద్దరిని ఒక జంటగా చేసి, ఒకే వీడియో చూపించి, ఎవరి షీటు వాళ్లను నింపమంటారు. వీధిలో పడుకున్న కుక్క వీడియో. ప్రతి 10 సెకన్లకు ఒక గంట. గంట మోగినప్పుడు కుక్క 'విశ్రాంతి'లో ఉందా, 'అప్రమత్తం'గా ఉందా, టిక్కు పెట్టాలి. మొత్తం 100 టిక్కులు. నాకు జంటగా వచ్చిన అబ్బాయిది నెల్లూరు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మొదటి రోజు నుంచీ నన్ను అక్కా అనే పిలుస్తాడు. బుద్ధిమంతుడు, షీటు మీద ఏముంటే అదే చేస్తాడు.

నేను అలా చేయలేదు, చేయను కూడా. షీటు మీద 'తల నేల నుంచి పైకి లేచి ఉంటే అప్రమత్తం, తల నేలకు ఆనితే విశ్రాంతి' అని ఉంది. ఆ కుక్క తల నేలకు ఆనించే ఉంది, కానీ స్కూటర్ చప్పుడైన ప్రతిసారీ చెవి అటు తిరుగుతోంది. అది విశ్రాంతి ఎలా అవుతుంది? ఇంకోచోట లేచి కూర్చుంది, కళ్లు మూతపడి తల తూగుతోంది. అది అప్రమత్తమా? మల్లేశ్వరంలో నా స్టూలు పక్కనే పూలమ్మే ఆవిడ ఉండేది, మదనపల్లె వైపు మనిషి. మొదటి రోజే చెప్పింది నాకు: "కండ్లు మూసిందని నమ్మొద్దమ్మా. దాని చెవి చూడు." అప్పటి నుంచి నా నోటుబుక్కులో పేజీలకు పేజీలు చెవులే.

మర్నాడు రిజల్ట్ స్క్రీన్ మీద వేశారు. అందరి పేర్లూ, పక్కన అంకెలూ. మా జంట ఒక్కటే ఎర్ర రంగులో, 0.375. పాస్ కావాలంటే 0.7.

ఇద్దరివీ నూటికి ఎనభై టిక్కులు కుదిరాయని పక్కనే రాసుంది. ఎనభై! మా స్కూల్లో ఎనభై వస్తే తల్లిదండ్రులు స్వీట్లు పంచుతారు. లేచి అదే అడిగాను. పరీక్ష పెట్టిన ఆయన, నా కంటే పదేళ్లు చిన్నవాడు, "అందులోంచి అదృష్టాన్ని తీసేయాలి మేడమ్" అన్నాడు. నా ముఖం చూసి వెనక బెంచీలో నవ్వారు. ఇరవై ఏళ్లుగా బ్లాక్‌బోర్డు వైపు నిలబడినదాన్ని, బెంచీల వైపు నిలబడి నవ్వించుకోవడం అదే మొదలు. చెవులు వేడెక్కిపోయాయి, ఏం మాట్లాడాలో తోచలేదు.

లెక్క ఏమిటో నెల్లూరు అబ్బాయి టీ తాగుతూ చెప్పాడు. మీకూ చెబుతాను, అక్కడ ఎవరూ సరిగా చెప్పరు. కోహెన్ అనే ఆయన 1960లో కట్టిన కప్పా లెక్క అది. మేమిద్దరం చెరో 80 సార్లు 'విశ్రాంతి', చెరో 20 సార్లు 'అప్రమత్తం' పెట్టాం. 70 చోట్ల ఇద్దరం విశ్రాంతి అన్నాం, 10 చోట్ల ఇద్దరం అప్రమత్తం అన్నాం. మిగతా 20 చోట్ల కుదరలేదు. ఇప్పుడు మేమిద్దరం కుక్కను చూడనే చూడకుండా, కళ్లు మూసుకుని అదే పాళ్లలో టిక్కులు పెట్టామనుకోండి. విశ్రాంతి మీద 0.8 ఇంటూ 0.8, అంటే 0.64 కుదురుతుంది. అప్రమత్తం మీద 0.2 ఇంటూ 0.2, అంటే 0.04. మొత్తం 0.68 ఊరికే వచ్చేస్తుంది. దాని పైన మా సొంత సంపాదన 0.12. సంపాదించడానికి మిగిలి ఉన్నది 0.32. 0.12ను 0.32తో భాగిస్తే 0.375. రోజంతా పడుకునే జంతువైతే చూడకుండా టిక్కులు పెట్టినా అరవై ఎనిమిది వచ్చేస్తుందన్నమాట. లెక్క న్యాయమైనదే. దాని మీద నాకు కోపం లేదు.

కోపం తర్వాత జరిగినదాని మీద. నోటుబుక్కు పట్టుకెళ్లి చెవుల పేజీలు చూపించి, షీటులో చెవులకు చోటు లేదు, తేడా అక్కడే వస్తోంది, ఆ వీడియో మళ్లీ ఒకసారి వేయండి అన్నాను. ఆయన పేజీలు తిప్పి, "చాలా అందంగా ఉన్నాయి మేడమ్, ఎగ్జిబిషన్‌లో పెడదాం. కానీ ఇది డేటా కాదు" అన్నాడు. వీడియో వేయడానికి టైమ్ లేదట. పూలమ్మే ఆవిడ మాట కూడా చెప్పాను. మళ్లీ నవ్వులు.

డార్విన్ పేరు ఎత్తాను. మనుషుల్లో, జంతువుల్లో భావాలు ఎలా బయటపడతాయో 1872లో రాసినప్పుడు, మనుషుల ముఖాలకు ఫొటోలు వాడినాయన, కుక్క కోపంగా నిలబడ్డప్పుడు ఎలా ఉంటుందో, యజమానిని చూసి ఒళ్లు వంచినప్పుడు ఎలా ఉంటుందో చూపడానికి చిత్రకారుల చేతే గీయించుకున్నాడు కదా అన్నాను. "అది 1872 మేడమ్" అన్నాడు. పైగా నాకు బెర్లిన్ గుర్రం కథ చెప్పాడు. హాన్స్ అనే గుర్రం డెక్కతో నేలను తట్టి లెక్కలకు జవాబులు చెప్పేది. పెద్ద పెద్దవాళ్లు నమ్మారు. 1907లో ఫుంగ్‌స్ట్ అనే ఆయన తేల్చింది ఏమిటంటే, గుర్రానికి లెక్కలు రావు, సరైన అంకె దగ్గరికి రాగానే ప్రశ్న అడిగినవాడి తల కొంచెం కదిలేది, అది చూసి ఆపేసేది. "అందుకే మన కంటిని మనం నమ్మకూడదు" అని ముగించాడు.

దానికి జవాబు నాకు యశ్వంతపుర మెట్రో మెట్లు దిగుతుంటే తట్టింది. ఆ గుర్రం కన్ను చూడండి స్వామీ! అడిగినవాడికే తెలియకుండా కదిలిన తలను అది పట్టుకుంది. గదినిండా ప్రొఫెసర్లున్నా గుర్రమొక్కటే గమనించింది. ఇదంతా అక్కడే అనాల్సింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే "వదిలెయ్, సర్టిఫికెట్‌తో జీతం పెరుగుతుందా?" అన్నారు. వదలలేదు.

నెల్లూరు అబ్బాయే పూనుకున్నాడు. ఆ వీడియో మెల్లగా నడిపించి, ఎక్కడెక్కడ హారన్ వినబడిందో, ఎక్కడ చెవి తిరిగిందో ఫ్రేముల వారీగా ఎక్సెల్‌లో పెట్టాడు. తల ఆనించి చెవి తిప్పిన చోట్లు, కూర్చుని కళ్లు మూసిన చోట్లు, మాకు కుదరని 20లో దాదాపు అన్నీ అవే. నా బొమ్మల ఫొటోలు పక్కన జతచేసి మెయిల్ పెట్టాడు. నేను పెట్టి ఉంటే చదివేవాళ్లు కాదు. ఎక్సెల్ కనబడగానే చదివారు. తర్వాతి వారం కొత్త షీటు వచ్చింది: తల ఒక కాలమ్, కళ్లు ఒక కాలమ్, చెవులు ఒక కాలమ్. కనబడింది కనబడినట్టు రాయాలి, విశ్రాంతో కాదో తర్వాత తేల్చుకోవచ్చు. పరీక్ష అందరికీ మళ్లీ పెట్టారు. మాకు 0.82. మొదటిసారి పాసై నవ్విన ఒక జంట ఈసారి తప్పింది. సంతోషపడ్డానా అంటే, పడ్డాను.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. మడత స్టూలు కొనుక్కోండి, నేల మీద కూర్చుంటే కుక్కలు వచ్చి ఒళ్లో పడుకుంటాయి. బ్యాగులో బిస్కెట్లు ఉంచుకోవద్దు, కుక్కలు తమ పని మానేసి మిమ్మల్నే గమనిస్తాయి. జంట కట్టేటప్పుడు స్నేహం చూసుకోకండి, ఎక్సెల్ వచ్చినవాళ్లను పట్టుకోండి. నోటుబుక్కు ఎవరికీ ఇచ్చి రావద్దు, ఎగ్జిబిషన్ అయ్యాక నాది తిరిగి రావడానికి చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఎగ్జిబిషన్ సంగతి అంటారా, వచ్చినవాళ్లు నా చెవుల ముందు నిలబడి సెల్ఫీలు తీసుకున్నారు.

సర్టిఫికెట్‌లో నా పేరు కింద 'కళా విభాగం' అని వేశారు. నెల్లూరు అబ్బాయికి 'పరిశీలన పద్ధతి మెరుగుపరిచినందుకు' అని అదనంగా ఒక లైను ఉంది. వాడే సిగ్గుపడి ఫోన్ చేసి, "అక్కా, నేను మార్చమని చెబుతాను" అన్నాడు. నువ్వు చెప్పొద్దు, నేనే రాస్తానన్నాను. ఈ పొద్దున మెయిల్ పెట్టాను. చెవుల కాలమ్ ఎక్కడి నుంచి వచ్చిందో పేజీ నంబర్లతో సహా రాశాను, పూలమ్మే ఆవిడ సంగతితో సహా. ఈసారి ఎక్సెల్‌లోనే పంపాను.