రిజిస్టర్డ్ పోస్ట్ స్పీడ్ పోస్ట్‌లో కలిసిపోయాక మా చీటీల ఆఫీసు నోటీసులు పంపడం – నా అనుభవం

మాది అనంతపురంలో చిన్న చీటీల ఆఫీసు, నోటీసులు పంపే పనంతా నాదే. చీటీ పాడుకుని కంతులు ఆపేసినోళ్ళకి, వాళ్ళకి జామీను ఉన్నోళ్ళకి నెల నెలా కట్టలు కట్టలు కవర్లు పోతాయి, ధర్మవరం, కదిరి, తాడిపత్రి, గుత్తి, కళ్యాణదుర్గం, ఇట్లా చుట్టుపక్కల అన్ని ఊర్లకీ. ఎన్నో ఏళ్ళు అవన్నీ రిజిస్టర్డ్ ఏడీలోనే పంపినాం, అంటే కవరు అందినట్టు సంతకం పెట్టిన కార్డు మనకి వెనక్కి వచ్చే రిజిస్టర్డ్ పోస్ట్. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్ట్ విడిగా లేదు, స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు, మళ్ళీ అక్టోబర్ 1 నుంచి స్పీడ్ పోస్ట్ రేట్లు కూడా మారినాయి. నాలాగా ఆఫీసుల్లో బల్క్‌గా పంపేవాళ్ళు చాలామంది ఉంటారు కదా, వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా.

ముందు అందరూ అడిగేది, రిజిస్ట్రీ లేకుంటే కోర్టులో నోటీసు నిలబడుతుందా అని. మా వకీలు సార్ కూడా మొదట అదే అడిగినారు. రిజిస్ట్రేషన్ అనేది పూర్తిగా పోలేదు, స్పీడ్ పోస్ట్ మీద అదనంగా తీసుకోవాలి, కవరుకి 5 రూపాయలు ప్లస్ జీఎస్టీ. అది తీసుకుంటే కవరు మీద పేరున్న మనిషికి గానీ, ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకున్నోళ్ళకి గానీ మాత్రమే ఇస్తారు. తీసుకోకుంటే అది మామూలు స్పీడ్ పోస్టే. అందుకే బుక్ చేసేటప్పుడు కౌంటర్లో నోరు తెరిచి అడగాలి, "రిజిస్ట్రేషన్ కూడా పెట్టండి సార్, డెలివరీ ప్రూఫ్ కూడా కావాలి" అని. డెలివరీ ప్రూఫ్‌కి చార్జీ వేరే.

ఓటీపీ డెలివరీ అని ఇంకొకటి ఉంది, అదీ 5 రూపాయలే. మా మేనేజరు సార్ అది పెడదాం గట్టిగా ఉంటుంది అన్నారు, నేను వద్దన్నా. బాకీ ఉన్న మనిషి పోస్ట్‌మ్యాన్‌కి ఓటీపీ ఎందుకు చెప్తాడు? ఏటీఎం కార్డుకో, పాస్‌పోర్టుకో ఓటీపీ బాగుంటుంది, నోటీసుకి మాత్రం రిజిస్ట్రేషనే సరైంది.

ఇంక ఖర్చు సంగతి. అదే ఊర్లో అయితే 50 గ్రాముల లోపు 19 రూపాయలు, ఊరు దాటితే 47, దూరం ఎంతైనా సరే. అంటే మా ధర్మవరానికీ 47, ఢిల్లీకీ 47. ఇది నాకు అస్సలు నచ్చలేదు, జిల్లా లోపల పంపుకునే చిన్న ఆఫీసుల మీదే బరువంతా పడింది. ముందు 45 గ్రాముల కవరు రిజిస్టర్డ్ ఏడీలో పంపితే రిజిస్ట్రేషన్ 17, స్టాంపులు 15, ఏడీ కార్డు 3, మొత్తం 35 రూపాయలు జీఎస్టీ కాక. ఇప్పుడు 47, దాని మీద 5, అంటే 52, జీఎస్టీ వేరే, డెలివరీ ప్రూఫ్ వేరే. వందల కవర్లు పంపేచోట ఇది చిన్న తేడా కాదప్పా.

50 గ్రాములు దాటితే ఇంకా ఎక్కువ, 200 కిలోమీటర్ల లోపు 59. అందుకే ఇప్పుడు కాయితాల బరువు చూసుకోవాల్సిందే. మామూలు 75 జీఎస్ఎం ఏ4 కాయితం ఒకటి దగ్గర దగ్గర 4.7 గ్రాములు ఉంటుంది. నోటీసు, లెక్కల స్టేట్‌మెంటు, జామీను అగ్రిమెంటు కాపీ అన్నీ ఒక పక్కనే ప్రింట్ తీస్తే పది కాయితాలు, కవరుతో కలిపి 50 దాటిపోతుంది. రెండు పక్కలా ప్రింట్ తీస్తే ఐదు కాయితాలే, కవరుకి 12 రూపాయలు మిగిలినట్టే. ఆఫీసులో చిన్న తూకం మిషన్ పెట్టుకున్నాం, ప్రతి రకం నోటీసుకీ ఒక కవరు తూచి చూశాకే మిగతావి అంటిస్తాం.

అసలు శ్రమంతా లిస్టు దగ్గరే ఉంది. బల్క్‌గా బుక్ చేయాలంటే ఎక్సెల్ ఫైలు కావాలి, పేరు, అడ్రసు, పిన్ కోడ్, ఫోన్ నంబరు, బరువు, బార్‌కోడ్ నంబరు అన్నీ వేరే వేరే గళ్ళల్లో. కౌంటర్లో మేడమ్ ఓపిగ్గా చెప్పింది, "ఫోన్ నంబర్లు కూడా పెట్టుకోని రాండి, మెసేజ్ పోతుంది" అని. మా దగ్గరున్న అడ్రసులేమో "మసీదు వెనక, రైస్ మిల్లు ఎదురుగా" టైపు. పాత పోస్ట్‌మ్యాన్‌కి ఊరంతా తెలుసు కాబట్టి నడిచింది, ఇప్పుడు పిన్ తప్పితే కవరు వేరే ఊరికి పోతుంది. గుత్తి 515401, తాడిపత్రి 515411, ఒక్క అంకె తేడా, చూడకుండా కొట్టేస్తే అంతే. 2022లో కొత్త జిల్లాలు వచ్చినాక ధర్మవరం, కదిరి, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయినా పిన్ కోడ్లు మాత్రం అవే ఉన్నాయి, జిల్లా పేరు మారిందని పిన్ మార్చేయొద్దు.

ఎక్సెల్‌తో ఇంకో తలనొప్పి, డోర్ నంబర్లు. 6-3-12 అని కొడితే అది తారీఖు అనుకుని మార్చేస్తుంది. ఫోన్ నంబరు ముందు 91 ఉంటే దాన్ని కూడా ఇంకేదోగా చూపిస్తుంది. లిస్టు కొట్టక ముందే ఆ గళ్ళన్నీ టెక్స్ట్‌గా పెట్టుకోండి, తర్వాత మారిస్తే డోర్ నంబరు వెనక్కి రాదు, మళ్ళీ మొత్తం కొట్టాలి.

బార్‌కోడ్ స్టిక్కర్లు అంటించేటప్పుడు లిస్టులో వరస, కవర్ల వరస ఒకటే ఉండాలి. ఒక్క స్టిక్కరు అటూ ఇటూ అయినా ఒకరి నోటీసు ట్రాకింగ్ ఇంకొకరి పేరు మీద కనిపిస్తుంది, కోర్టుకి పోయే కాయితం కదా, అది చాలా ప్రమాదం. మేమైతే ఒకరు నంబరు చదువుతుంటే ఇంకొకరు కవరు మీద పేరు చదువుతాం. తర్వాత పిన్ వారీగా కట్టలు కట్టి ఇస్తే కౌంటర్లో పని తొందరగా అవుతుంది. కొత్తగా చేరే బల్క్ కస్టమర్లకి 5 శాతం తగ్గింపు ఉంది, అడగండి.

ట్రాకింగ్ మాత్రం నిజంగా బాగుంది. ముందు రిజిస్టర్డ్‌కీ ట్రాకింగ్ ఉండేది గానీ మేము ఏడీ కార్డు మీదే ఆధారపడేవాళ్ళం, అది వెనక్కి రాకుంటే నోటీసు చేరిందో లేదో మాకు తెలిసేది కాదు, జామీనుదారు పాపం కేసు పడ్డాకే తెలుసుకునేవాడు. ఇప్పుడు ఫోన్‌కి మెసేజ్ పోతుంది కాబట్టి ముందే తెలిసి కొందరు జామీనుదారులు ఆఫీసుకొచ్చి మాట్లాడుకుంటున్నారు. డెలివరీ అయిన వెంటనే ఆ పేజీ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టేయండి, కొన్నాళ్ళకి ఆన్‌లైన్లో కనిపించదు. "రెఫ్యూజ్డ్" అనో "డోర్ లాక్డ్" అనో రాసి వెనక్కొచ్చిన కవర్లని మాత్రం విప్పొద్దు, సీలు అట్లాగే ఉంచి వకీలుకి ఇవ్వాలి.