అష్టమి నాడు బయలుదేరకూడదు

"అక్కడ కరెంటు ఎక్కువట రా, చూసుకుని దిగాలి" అని ఫోనులో బావమరిదితో అంటుంటే మా అమ్మ చెవిన పడింది. తిరుపతిలో నాది మోటారు రివైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి, రాగితీగ చుట్టి, మళ్లీ తిరిగేలా చేసి పంపడం ఇరవై రెండేళ్లుగా నా పని. మా ఇంట్లో కరెంటు అనే మాటకు ఒకటే అర్థం. "సముద్రంలో కరెంటు ఏమిటి? తడిచేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పేవాడివి, నువ్వు ఒళ్లంతా తడుపుకుని దాంట్లో దిగుతావా?" అని వంటింట్లోంచే కేకేసింది. ఆ కరెంటు వేరు, నీటి ప్రవాహాన్ని డైవింగ్ వాళ్లు అలా అంటారు అని చెప్పాను. ఆమె తృప్తి పడలేదు. అసలు ఆమెకు భయం కరెంటుతో కాదు, తేదీలతో.

అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి మేము వెళ్లడం ఇది రెండోసారి. 2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్, కానీ పడవలవాళ్లు ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. కిందటిసారి 30 మీటర్ల వరకు దిగడానికి కావలసిన రెండో కోర్సు పూర్తి చేసి వచ్చాం. ఈసారి దీవికి దూరంగా, నడిసముద్రంలో నీళ్ల అడుగున నిలబడ్డ డిక్సన్స్ పినకిల్ అనే రాతిగుట్టలను చూడాలని మా కోరిక. డైవింగ్ సెంటర్ వాళ్లు మొదట ఫిబ్రవరి 5 నుంచి 8 వరకు రమ్మన్నారు. ఆ రోజుల్లో నీళ్లు నెమ్మదిగా ఉంటాయట.

2025లో ఫిబ్రవరి 4 రథసప్తమి. ఆ రోజు కొండమీద సూర్యప్రభతో మొదలై చంద్రప్రభ దాకా స్వామికి ఏడు వాహనాలు, కింద మా ఊళ్లో కాలు పెట్టడానికి చోటుండదు. మరుసటి రోజు అష్టమి, ఆ తర్వాత నవమి. "అష్టమి నాడు గడప దాటి సముద్రం దాటతావా?" అంది అమ్మ. శనివారం భీష్మ ఏకాదశి, పైగా ఆ రోజు తూర్పు దిక్కుకు వారశూల, అటు ప్రయాణం కూడదు. సోమవారం కూడా తూర్పుకు వారశూలే. అండమాన్ మాకు అచ్చంగా తూర్పు. చివరికి ఆదివారం రాత్రి బస్సెక్కమని ఆమే నిర్ణయించింది. "బుధవారం మాఘ పౌర్ణమి. ఆ రోజు సముద్రస్నానం చేస్తే ఎంత పుణ్యమో! ఎలాగూ అక్కడే ఉంటావు కదా" అని ముక్తాయించింది.

మా అమ్మకు తెలియని సంగతి, నేను తెలిసీ ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది. పౌర్ణమికీ అమావాస్యకూ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. రెండు లాగుళ్లూ కలిసి సముద్రం బాగా పొంగి బాగా తగ్గుతుంది. అష్టమి ప్రాంతంలో ఆ రెండూ చెరో పక్కకు లాగుతాయి కాబట్టి పోటు తక్కువ, పాటు తక్కువ, ప్రవాహమూ తక్కువ. పంచాంగం ప్రయాణానికి పనికిరాదన్న రోజే నీళ్లలో దిగేవాడికి మంచిరోజు. మేము ఎంచుకున్నది నెలలో ఉరవడి గట్టిగా ఉండే వారం. చెబితే ప్రయాణమే మాన్పించేస్తుందని ఊరుకున్నాను.

చెన్నైలో బావమరిది కలిశాడు. చిత్తూరువాడు, అక్కడే ఉద్యోగం. విమానం రెండు గంటల పైచిలుకు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్‌బ్లెయిర్‌లో దిగి, పెద్ద పడవలో హావ్‌లాక్ చేరేసరికి చీకటి పడింది.

పౌర్ణమి నాడు దీవికి దగ్గరలో, లోతు తక్కువ ఉన్నచోట ఒక మునక వేయించారు, ఒంటికి నీళ్లు అలవాటు కావడానికి. అక్కడి పగడాలు చూస్తే మనసు చివుక్కుమంది. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు తెల్లబడ్డాయని విన్నాను. విన్నది వేరు, బూడిదరంగు కొమ్మలు విరిగి గుట్టగా పడి ఉండటం చూడటం వేరు. సాయంత్రం అమ్మ ఫోను చేసింది. "మూడు మునకలు వేశావా?" "లేదమ్మా, 47 నిమిషాల మునక ఒకటి వేశాను." "అది లెక్కలోకి రాదు" అని పెట్టేసింది. చీకట్లో ఒడ్డుకెళ్లి లెక్కలోకి వచ్చే మూడూ వేసి వచ్చాను.

గురువారం తెల్లవారుజామున బయలుదేరాం. గంటకు పైగా పడవ ప్రయాణం. పడవ నడిపే అతను తెలుగువాడు, తాతది టెక్కలి దగ్గర. అండమాన్‌లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. అమ్మ కట్టిచ్చిన నిప్పట్ల డబ్బా తెరిస్తే "చెక్కలా అన్నా?" అన్నాడు. మా వైపు నిప్పట్లు అంటామని చెప్పాను. నాలుగు తిని, చేతులు దులుపుకుని, ముందుకు చూసి, "పౌర్ణమి కంటే దాని మరుసటి రోజే నీళ్లకు పంతం ఎక్కువ" అన్నాడు.

ఆ పంతం ఏమిటో పడవ ఆగగానే కనిపించింది. గుట్ట మీదికి దించిన తాడు పైకొసకు తేలడానికి ఒక ప్లాస్టిక్ డ్రమ్ము కట్టి ఉంది. అది తేలడం లేదు. సగానికి పైగా మునిగి, ఒక పక్కకు ఒరిగి వణుకుతోంది. దాని వెనుక నీళ్లు రెండుగా చీలి తెల్లగా గీత పడుతున్నాయి. దూరం నుంచి చూస్తే డ్రమ్మే పడవలా ఎటో పోతోందనిపిస్తుంది. మా గైడ్ కర్ణాటక అమ్మాయి, వయసు నాకంటే పదిహేనేళ్లు తక్కువ. డ్రమ్మును చూసి, గడియారం చూసి, "ఇరవై నిమిషాలు ఆగుదాం" అంది. పోటు నిండి పాటు మొదలయ్యే మధ్యలో నీళ్లు కాసేపు అలసట తీర్చుకుంటాయి. ఆ సందులోనే దిగాలి. ఆగాం. డ్రమ్ము కాస్త పైకి లేచింది. పూర్తిగా కాదు.

దిగాం. పడవ నుంచి డ్రమ్ము దాకా కట్టిన తాడును చేతి తర్వాత చెయ్యి వేసి పట్టుకుంటూ పోయి, అక్కడి నుంచి కిందికి. రెండు చేతులూ తాడు మీద, ఒళ్లంతా వెనక్కి తేలి, గాలికి చాచుకున్న జెండాలా ఉన్నాను. తల పక్కకు తిప్పితే ప్రవాహం మాస్క్‌ను కళ్ల మీద నుంచి లాగేయబోయింది. ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ గడగడా కొట్టుకుంది. చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడానికి ముక్కు పట్టుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి, వదలడానికి మనసొప్పదు. మా వైపు వెయ్యి అడుగులు వేసినా చుక్క పడని బోర్లు ఎన్నో చూశాను. ఇక్కడ 60 అడుగులు దిగడానికి చేతులు పీకేశాయి.

గుట్ట కొసకు చేరి తాడు వదిలాక నా తప్పు మొదలైంది. గైడ్ బొటనవేలుతో కుడివైపు చూపించింది, రాతి చాటుకు పొమ్మని. నాకు ఎడమ మూలన, నేరుగా ప్రవాహం వచ్చి కొట్టే చోట, చేపల గుంపు కనిపించింది. పార చేపలు, వందల్లో, వెండి రేకుల్లా. పది బారల దూరం కూడా లేదు. ఎదురీదాను. కాళ్లకు ఫిన్లు ఉన్నాయి, తొడల్లో బలం ఉంది అనుకుని తన్నాను. కళ్ల ముందు రాతి మీద ఎర్రటి మచ్చలున్న నత్తగుల్ల ఒకటి ఉంది. నిమిషం తన్నినా అదే గుల్ల అక్కడే ఉంది. ఇంకాస్త గట్టిగా తన్నాను. ఇప్పుడు గుల్ల నా కంటే ముందుంది.

ట్యాంకులో గాలి ఎంత మిగిలిందో చూపే గేజ్ చూసుకుంటే గుండె జారింది. 200 బార్‌తో దిగినవాణ్ని, 12 నిమిషాల్లో 90కి వచ్చాను. దాదాపు 20 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి మూడింతలు. ప్రతి ఊపిరికీ ట్యాంకులోంచి మూడింతల గాలి పోతుంది. రొప్పితే ఇక చెప్పేదేముంది. బావమరిది గేజ్‌లో ఇంకా 140 ఉంది. బరువు ఎక్కువై మోటారు తిరగకుండా మొరాయించినప్పుడు ఆంపియర్లు ఎలా ఎగబాకుతాయో, తీగ ఎలా కాలుతుందో రోజూ నలుగురికి వివరించేవాణ్ని నేను.

అప్పుడు గుర్తొచ్చింది మా తాత మాట. చంద్రగిరి దగ్గర మా బావిలో నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి ఈత నేర్పినవాడు. ఏటిలో మాత్రం దిగనిచ్చేవాడు కాదు. దిగక తప్పకపోతే ఎదురీదకు, అడ్డంగా ఈది గట్టు పట్టు అనేవాడు. స్వర్ణముఖిలో ఇసుక తప్ప నీళ్లు చూడని పిల్లలం, మాకెందుకీ సలహా అని నవ్వుకునేవాళ్లం. 2021 నవంబరు వరదల్లో అదే ఏరు ఎలా పోయిందో చూశాక నవ్వు ఆగిపోయింది. అయినా నా కాళ్లకు ఆ పాఠం ఎక్కలేదన్నమాట.

తన్నడం ఆపి రాతి మీదికి వంగి, అడ్డంగా కుడివైపు జారాను. రెండు మూరలు జరిగానో లేదో, ఎండలోంచి చింతచెట్టు నీడలోకి వచ్చినట్టు అంతా సద్దుమణిగింది. రాయి వెనుక నీళ్లు కదలడం లేదు. అక్కడి నుంచి చూస్తే అర్థమైంది చేపలు అక్కడే ఎందుకు గుమిగూడతాయో. ప్రవాహం మోసుకొచ్చే సూక్ష్మజీవుల కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి. ప్రతి చేపా ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, తోక కొసను మాత్రం అలా అలా కదుపుతూ నిలబడి ఉంది. విసనకర్రల్లాంటి పగడాలు కూడా వచ్చే నీళ్లకు సరిగ్గా అడ్డంగా పరుచుకుని పెరిగాయి, వడ్డన కోసం విస్తరి వేసుకుని కూర్చున్నట్టు. ఈ ఉరవడే లేకపోతే ఈ రాతి దగ్గర ఇంత సంత ఉండదు. నేను తిట్టుకుంటున్నదే వాటికి అన్నం పెడుతోంది.

పైకి వెళ్లే ముందు గైడ్ మమ్మల్ని రాతి అంచుకు తీసుకెళ్లి, చెయ్యి వదలమని సైగ చేసింది. వదిలాం. ప్రవాహం మమ్మల్ని ఎత్తుకుని ఆ పార చేపల గుంపు పక్కనుంచే తీసుకెళ్లింది. ఒక్కో చేప కన్ను, కంటి చుట్టూ పసుపు గీత, పొలుసుల మీద ఎండ ముక్క, అన్నీ కనిపించాయి. ఎంతసేపు? జయవిజయుల దగ్గర "జరగండి జరగండి" అంటూ భుజం మీద చెయ్యి పడేలోపు ఎంతసేపు ఉంటుందో అంతసేపు. తిరుపతివాళ్లకు ఇంతకంటే లెక్క చెప్పనక్కరలేదు. వెనక్కి తిరిగి మళ్లీ చూద్దామంటే గుట్టే లేదు, నీలం తప్ప.

5 మీటర్ల లోతులో 3 నిమిషాలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ కొంత బయటికి పోవడానికి. పట్టుకోవడానికి తాడు లేదు, కాబట్టి గైడ్ నారింజరంగు గొట్టం ఒకటి ఊది పైకి వదిలింది, పడవవాడికి గుర్తుగా. ఆ మూడు నిమిషాలూ నాకు విచిత్రంగా తోచాయి. అసలు కదులుతున్నట్టే లేదు. మాస్క్ ముందు ఒక నలుసు, దాని పక్కన ఇంకొకటి, గోడకు అంటించినట్టు నిలబడ్డాయి. బావమరిది చేతులు కట్టుకుని గాల్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు. పైకి తేలి చూస్తే పడవ మేము దిగిన చోట చిటికెన వేలంత ఉంది. అది వచ్చి ఎక్కించుకునేదాకా నేను మాట్లాడలేదు. "బావా, ఎవరితో పోటీ పడ్డావు?" అన్నాడు వాడు. నత్తతో అని చెప్పలేదు.

రెండో చోటు జానీస్ గార్జ్. అక్కడ గైడ్ నీళ్లలోకి తొంగి చూసి, తాడు ఎంత వాలుగా ఉందో చూసి, తల అడ్డంగా ఊపింది. పడవను దీవి వైపు తిప్పించింది. డబ్బు కట్టాం కదా అని గొణిగినవాళ్లు పడవలో ఒకరిద్దరున్నారు. నేను నిప్పట్ల డబ్బా వాళ్లవైపు జరిపాను.

చివరి మునక తర్వాత విమానం ఎక్కడానికి 18 గంటలు ఆగాలి. ఒక రోజు ఖాళీగా గడిపి తిరుపతి చేరాను. అమ్మకు దాచినదంతా చెప్పేశాను. పౌర్ణమి, పోటు, 90 బార్, అన్నీ. అష్టమి రోజుల్లో అయితే ఇంత తంటా ఉండేది కాదని కూడా అన్నాను, కాస్త నిష్ఠూరంగానే. ఆమె మేకుకు వేలాడుతున్న పంచాంగం తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, వచ్చే నెల పేజీ తిప్పింది.

"పంచమి నాడు బయలుదేరు. అష్టమికి అక్కడే ఉంటావు. ఆ రోజు బయలుదేరకూడదన్నాను గానీ, మునగకూడదని నేనెప్పుడన్నాను?"